వాహనము – వర్తనము





పరమశివునకు వాహనము వృషభము. అది బంగారు రథము కాదు, ఐరావతమును కాదు. పొలము దున్ను ఎద్దు. ఆ నందీశ్వరుడే బసవేశ్వరుడుగా అవతరించెనని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చాటెను. నందికి మనము మ్రొక్కుట అది మోయు స్వామినిబట్టి, చేయు సేవనుబట్టి. దాని వెలనుబట్టి కాదు. నేడు మనము ఈ క్రమమును తలక్రిందులు చేసితిమి. వాహనమును చూచి అందున్న మనుష్యుని కొలుచుచున్నాము. వీడు ఫలానా పార్టీవాడు, ఫలానా కులమువాడు అని కారు తలుపు తెరవకముందే తీర్పు చెప్పుచున్నాము.

నా తప్పునే ముందు విన్నవించెదను. దువ్వాడలో రైల్వేస్టేషనుకు చేరువనున్న ఒక భక్తుని యింట బసవజయంతి జరుగుచుండెను. ఒక వృద్ధుడు పాత సైకిలుపై వచ్చెను. అరుగుపై కూర్చున్న యువకులు అంతవరకు సాగిన మాటలు ఆపి, "సైకిలు పార్టీ వచ్చిందిరా" అని గుసగుసలాడిరి. ఆయనకు ఎవరును చోటు చూపలేదు. కొంతసేపటికి పెద్ద నల్లకారు ఒకటి వచ్చి ఆగెను. ఎవరో నాయకుడని తలచి అందరును లేచిరి. ప్రవచనమునకు వచ్చిన నేనును లేచితిని. దిగినవాడు అద్దెకారు నడుపు డ్రైవరు. "కారు నాది కాదండీ, మంచినీళ్ళ కోసం ఆగాను" అని అతడే సిగ్గుపడెను. ఈ సందడిలో వృద్ధుడు దాసోహపు పంక్తిలో కూర్చొనకయే వెళ్ళిపోయెను.

మరునాడు ఆయన యింటికి వెళ్ళి క్షమింపుమంటిని. ఆయన నవ్వి, "అయ్యవారూ, మోకాళ్ళు అరిగిపోయాయి. నడవడంకంటె సైకిలు తొక్కడమే నాకు తేలిక. ఇందులో పార్టీ ఏముందండీ?" అనెను. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు. ఆకలితో వచ్చిన శరణుని ఆకలితోనే పంపితిమి. దాసోహము పేరిట వంట వండి, దాసోహమును భంగపరచితిమి.

ఈ భ్రమ మనలో ఎట్లు పాతుకొన్నదో ఆలోచింపుడు. ఒకప్పుడు తెల్లని అంబాసిడరు కారు కనబడిన చాలు, అధికారి వచ్చెనని వీథియంతయు లేచి నిలిచెడిది. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయెను. 2017 మే 1 నుండి మంత్రుల, అధికారుల కార్లపై ఎఱ్ఱదీపములను తొలగించిరి. దీపము కారుపైనుండి దిగినది గాని, దానికి వంగు అలవాటు మన మెడలనుండి దిగలేదు. 1982లో నందమూరి తారకరామారావు పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథముగా మార్చి ఊరూర తిరిగిన నాటినుండి వాహనమే జెండా అయినది. తెలుగునాట సైకిలు ఒక పార్టీకి గుర్తు, కారు మరియొక పార్టీకి గుర్తు. ఓటు కాగితముపై గుర్తు ఉండుట తప్పు కాదు; చదువురాని ఓటరునకు అది మేలు చేసినది. ఆ గుర్తును మనిషి నుదుట అంటించుటయే తప్పు.

ఇది మన దేశమునకే పరిమితము కాదు. 2025లో అమెరికాలో టెస్లా కార్ల యజమానులు కొందరు, ఆ సంస్థాధిపతి ఎలాన్ మస్క్ రాజకీయములు ఎరుగకముందే కొన్నామని తమ కార్లపై చీటీలు అంటించుకొనిరి. కొన్న వస్తువు తరఫున మనిషి క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది!

"అయ్యా, మనమును విభూతి, రుద్రాక్ష, లింగము ధరించుచున్నాము గదా, అవి గుర్తులు కావా?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని ఇష్టలింగము ధనికునకు ఒకటి, పేదకు ఒకటి అని లేదు. మంత్రి కరస్థలమునను, చాకలి కరస్థలమునను అది సమానమే. ఇతరులకు చూపుటకు కాక, తాను చూచుకొనుటకు ధరించునది అది. మనుష్యులను కలుపు గుర్తు లాంఛనము. విడదీయు గుర్తు అహంకారము.

కల్యాణమున బిజ్జలుని కొలువులో మంత్రియైన బసవేశ్వరుడు అనుభవమంటపమున మడివాళ మాచయ్యను, పడవ నడుపు అంబిగర చౌడయ్యను తనతో సమానముగా భావించెను. పడవవాని కాయకమును చూడుడు. పడవ ఎక్కువాని పక్షమేదని అది అడుగదు. అందరిని ఒకే ఒడ్డుకు చేర్చును. మన ఉక్కునగరపు కొలిమిలో కరగిన ఇనుమును అంతే. అది కమ్మియై ఎవరి యింటి కప్పును మోయవలెనో ఎంచుకొనదు.

లోకమున ఆస్తిని స్థావరమని, జంగమమని విభజింతురు. భూమి, ఇల్లు స్థావరములు. కారు, బండి జంగమములు. శరణుల మార్గమున జంగమమనగా కదలు చైతన్యము, సాక్షాత్ శివస్వరూపము. చక్రములున్నంత మాత్రమున కారు ఆ జంగమము కాదు. దానిని చూచి మనిషిని ఒక ముద్రలో బిగించినచో, కారు కదలుచునే యుండును. మన మనస్సు స్థావరమై నిలిచిపోవును.

కావున బంధువులారా, కారు కొనుడు. అక్కఱకు తగినది, కష్టార్జితముతో కొనుడు. దానిలో రోగిని ఆసుపత్రికి, ముసలివారిని మఠమునకు చేర్చుడు; అపుడది దాసోహమగును. సంబంధము చూడబోయినపుడు వాకిట నిలిచిన బండిని కాక, ఇంటివారి నడతను చూడుడు. గుమ్మమునకు వచ్చినవాడు దేనిపై వచ్చెనని కాక, భోజనము చేసెనా అని అడుగుడు. ఆ వృద్ధుడు మరుసటి బసవజయంతికి అదే సైకిలుపై వచ్చెను. ఆ దినమున నేను ముందుగా లేచితిని.