ఎవరు చెప్పిరి?

మన పల్లెలనుండి బెజవాడ వెళ్లువారిలో బెంజ్ సర్కిల్ నెరుగనివారు అరుదు. మచిలీపట్నమునుండి హైదరాబాదు పోవు బాటయు, చెన్నైనుండి కోల్‌కతా పోవు బాటయు అక్కడ కలియును. ఈ రెండవ బాట నాలుగు మహానగరములను కలుపు స్వర్ణ చతుర్భుజి పథకములోనిది. ఆ దారిన బస్సులో పోవునపుడు, ఆ పథకములోనే పనిచేసిన ఒక యింజనీరును మనము తలంచుకొనవలెను.

అతని పేరు సత్యేంద్ర దూబే. ఝార్ఖండ్‌లోని కోడర్మాయొద్ద రోడ్డు పని చూచుచుండెను. అక్రమములు కన్పట్టగా ప్రధానమంత్రి కార్యాలయమునకు ఉత్తరము వ్రాసి, తన పేరు గుప్తముగా నుంచవలెనని వేడుకొనెను. అయితే ఆ ఉత్తరము పేరుతోకూడ శాఖనుండి శాఖకు సాగిపోయెను. 2003 నవంబరు 27న గయ పట్టణములో అతడు కాల్చి చంపబడెను. అది దోపిడీదొంగల పనియని 2010లో న్యాయస్థానము ముగ్గురికి యావజ్జీవ శిక్ష విధించెను. చంపినవారెవరైనను, నమ్మి చెప్పినవాని పేరు కాపాడబడలేదనునది నిజము.

చదువరులారా, తప్పును తెలిపినవాడు ద్రోహియా? చాడీలు చెప్పువాడన్న మనకు రోత. ఆ రోత మంచిదే. అయితే చాడీలవాడు తన లాభము కోరును. ఇతడో, తాను నష్టపోవుటకు సిద్ధపడి పదిమంది సొమ్ము కాచును. ఈ యిద్దరిని ఒక్కటిగా నెంచుట న్యాయము కాదు.

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయము చూడుడి. పౌలును చంపుటకు నలువదిమందికి పైగా ఒట్టుపెట్టుకొనిరి. అతని మేనల్లుడు విని, సహస్రాధిపతికి తెలిపెను. ఆ యధికారి అతనిని ఏకాంతమునకు తీసికొనిపోయి వినెను. తనకు తెలిపిన సంగతి ఎవరికిని చెప్పవద్దని హెచ్చరించెను. ఆ రాత్రియే పౌలును సైనికుల కాపుదలతో ఊరు దాటించెను. ఆ పడుచువాని పేరు నేటికిని మనకు తెలియదు! అన్యుడైన అధికారి వినువాని ధర్మమును అట్లు నెరవేర్చెను.

మన ప్రభుత్వమును ఈ ధర్మమును కొంతవరకు గుర్తించినది. 2004లో కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము చేసి, తన యుద్యోగుల అవినీతిని తెలుపువారి పేరు గుప్తముగా నుంచు బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించెను. 2014లో రాష్ట్రపతి ఆమోదించిన చట్టము, పేరు బయటపెట్టినవానికి 3 సంవత్సరములవరకు ఖైదును, తెలిసి అబద్ధము చెప్పినవానికి 2 సంవత్సరములవరకు ఖైదును నిర్ణయించినది. అయితే ఆమోదము పొంది యేండ్లు గడచినను అది అమలులోనికి తేబడలేదు. 2018లో సవరింపబడిన అవినీతి నిరోధక చట్టము ప్రకారము లంచమిచ్చుటయు నేరమే. బలవంతమున ఇచ్చినవాడు 7 దినములలో పోలీసులకైనను అవినీతి నిరోధక శాఖకైనను తెలిపినయెడల అతనికి శిక్ష లేదు.

అమలు కాని చట్టమునుగూర్చి ప్రభుత్వమును అడుగుట మన హక్కు. కాని మన ఊరిలో మనము అమలు జరుపదగిన ధర్మమొకటి కలదు. చౌక బియ్యపు తూకములోగాని, సహకార సంఘపు పద్దులోగాని, మన సంఘపు కానుకల లెక్కలోగాని తప్పున్నదని వినబడగానే మనమేమి అడుగుదుము? “ఎవరు చెప్పిరి?” అని. ఆ ప్రశ్న వినిన బీదవాడు మరియెన్నడును నోరు తెరువడు. “అది నిజమేనా?” అని అడుగుదము. లెక్క చూతము. చెప్పినవాని పేరు మన గుండెలోనే దాచుకొందము.