ముడి వేసిన చేయి

సికింద్రాబాద్‌లో వాన గట్టిగా పడితే పికెట్ నాలా పొంగుతుంది. పైగా కాలనీ, పాట్నీ కాంపౌండ్ వైపు నీళ్లొస్తాయి. 2025 జూలైలో అక్కడ జనాన్ని పడవల్లో బయటికి తేవాల్సి వచ్చింది. ఇలాంటి రోజుల్లో పశువైద్యులో వాలంటీర్లో ఓ కుక్కనో దూడనో మోసుకొస్తున్న ఫొటో కనిపిస్తే, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మనుషులకే దిక్కులేదు, జంతువులకు పడవలా?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. పడవలో ఒక్కరికే చోటుంటే మనిషినే ఎక్కించాలి. కానీ నిజంగా అలాంటి ఎంపిక ఎన్నిసార్లు ఎదురవుతుంది? పశువుల డాక్టర్ చేతిలోని సిరంజి ఏ మనిషి మందునూ లాక్కోదు. అదీగాక, గేదెను వదిలి రానని మొండికేసే మనిషిని కదిలించాలంటే ముందు గేదెను కదిలించాలి. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదల్లేక చాలామంది ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ అనుభవంతోనే, విపత్తు ప్రణాళికల్లో వాటికీ చోటుండాలని మరుసటి ఏడాది అక్కడ చట్టం చేశారు.

అయితే ఇది సగం జవాబే. ఇందులో జంతువు, మనిషిని కదిలించే సాధనం మాత్రమే. మన విపత్తు సాయం లెక్కలూ అలాంటివే. 2022–26 కేంద్ర నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, గొర్రెకో మేకకో 4,000. ఆ డబ్బు రైతుకు అవసరమే. కానీ అది పోయిన ఆస్తికి పరిహారం. పోయిన ప్రాణం గురించి ఆ పట్టిక ఏమీ అనదు.

మరి జంతువుకే మనం ఏమైనా బాకీ ఉన్నామా? ఉన్నామనే అనుకుంటాను. కారణం జాలి కాదు, తలుగు. పశువు మెడకు మనం కట్టిన తాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. కనీసం 12 మంది చనిపోయారు. మెలకువ వచ్చినవాళ్లు పరుగెత్తారు, కొందరు దారిలోనే కూలిపోయారు. కట్టేసిన పశువుకు ఆ పరుగు కూడా లేదు. అడవి జంతువుకు పారిపోయే దారైనా ఉంటుంది. తలుగు, గొలుసు, బోను, తాళం వేసిన ఫ్లాట్ ఆ దారిని మూసేస్తాయి. మూసింది మనం. పాల కోసమో తోడు కోసమో దాని తప్పించుకునే శక్తిని తీసుకున్నాం. తీసుకున్నవాళ్లే ఆపదలో తిరిగివ్వాలి. దాన్ని దానం అనరు.

వీధికుక్కను ఎవరూ కట్టలేదు కదా అంటారు. నిజమే. కానీ నాలా పక్క ఖాళీ జాగాల్లో మనమే ఇళ్లు కట్టుకున్నాక, దానికి మిగిలింది మన మెట్లే. ఆ మెట్లెక్కనివ్వడానికి పడవ కూడా అక్కర్లేదు.

బాకీ అనుకుంటే పనీ మారుతుంది. జాలి, నీళ్లొచ్చాక మొదలవుతుంది. బాకీ ముందే గుర్తుండాలి. వానాకాలం రాకముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. వరద హెచ్చరిక రాగానే పశువుల్ని మెరకకు తోలాలి, అది కుదరకపోతే కనీసం తలుగైనా విప్పాలి. నీళ్లు తీశాక పొడి మేత, శుభ్రమైన నీళ్లు చూడాలి. వీటిలో ఏదీ ఫొటోకెక్కే పని కాదు.

పడవలో చోటు ఎవరికన్నది వాదించుకోవచ్చు. ముడి విప్పితే మాత్రం ఎవరి చోటూ తగ్గదు.