సర్దుకుపోవడం ఎవరి పని?

పెందుర్తి దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం లెక్కలు చెబుతాను. కొత్తవలస, సబ్బవరం వైపు నుంచి బస్సుల్లో వచ్చే అమ్మాయిలే ఎక్కువ. ఇంటర్ తెలుగు మీడియంలో అవకలనం క్షుణ్ణంగా నేర్చుకున్న పిల్ల 'డిఫరెన్షియేషన్' దగ్గర నోరు మూసుకుంటుంది. రెండో సంవత్సరానికి కనబడదు. "మానేసింది" అంటాం. ఆ క్రియకు కర్త ఆమె ఒక్కతేనా?

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆమెను గేటు దాటించింది, కాదనను. లోపల మాత్రం కౌన్సెలింగ్ పేరుతో ధైర్యంగా ఉండమంటాం, సర్దుకుపొమ్మంటాం. కొత్త కోడలికి చెప్పే మాటే కదా ఇది!

1970ల చివర్లో బర్కిలీలో యూరి ట్రైస్మన్, కాలిక్యులస్‌లో తప్పుతున్న నల్లజాతి విద్యార్థులను గమనించాడు. పట్టుదలకు లోటు లేదు, ఎవరికి వారు ఒంటరిగా చదువుకుంటున్నారు. కలిసి కూర్చుని కష్టమైన లెక్కలు చేసే ఏర్పాటు చేశాక ఫలితాలు మారాయి. మా దగ్గర ఆ కలిసి చదవడం సాయంత్రాలు అబ్బాయిల హాస్టల్లో జరుగుతుంది. ఆ వేళకి అమ్మాయి బస్సులో ఉంటుంది, తర్వాత వంటింట్లో. అందుకే టైంటేబుల్లోనే వారానికి రెండు గంటలు అడిగాను, తెలుగులో కూడా వాదించుకోగలిగే గంటలు. "సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు మేడం?" అన్నారు సహోద్యోగులు. ఖాళీ బెంచీలకు పూర్తి చేద్దామా అన్నాను. ప్రస్తుతానికి బుధవారం ఒక గంట ఇచ్చారు.