చెరపరాని గీత

బొమ్మలు గీసేవాళ్ళలో రెండు రకాలు. పెన్సిలుతో మొదలుపెట్టేవాళ్ళు, ఏకంగా పెన్నుతోనే దిగిపోయేవాళ్ళు. చెట్టో, గుడి గోపురమో అయితే ఎవరెలా గీస్తేనేం లెండి! కొమ్మ కాస్త వంకరపోయిందని చెట్టు వచ్చి దెబ్బలాడదు. మనిషి ముఖం అలా కాదు. పెదవి చివర గీత నూలుపోగంత పక్కకి జరిగిందా, నవ్వుతున్న మనిషి కాస్తా వెక్కిరిస్తున్నట్టు తయారవుతుంది. పెన్సిలుకైతే రబ్బరుంది. పెన్నుకి ఏముంది? అందుకే నాకో సందేహం. చెరపడానికి వీల్లేని గీతతో ఇంకొకరి ముఖాన్ని కాగితం మీద పెట్టే హక్కు మనకుందా?

అసలు పెన్నుతోనే ఎందుకు గీయాలి అంటారేమో. ఒకప్పుడు పత్రికలకి అది అవసరం. లైన్ బ్లాకులతో అచ్చువేసే రోజుల్లో నలుపూ తెలుపూ తప్ప మధ్యరంగు పడేది కాదు. పెన్సిలు తాలూకు బూడిదరంగు నీడలు ఆ బ్లాకులో నిలవవు. అందుకని కథల బొమ్మలకి నల్లసిరా గీతే దిక్కు. బాపుగారి (1933–2014) బొమ్మలు చూడండి. నాలుగు గీతల్లో ముక్కూ, కళ్ళూ, ఆ మనిషి పొగరూ కూడా వచ్చేస్తాయి. మిగతాదంతా తెల్ల కాగితమే. ఎక్కడ గీయకుండా వదలాలో తెలియడంలోనే ఉంది విద్యంతా.

ఇక పెన్నులంటారా, వాటిలోనూ మనుషుల్లో ఉన్నన్ని స్వభావాలు. 0.1, 0.3, 0.5 అని అంకెలు వేసి అమ్మే డ్రాయింగు పెన్నులున్నాయే, వాటి గీత మొదట్నుంచి చివరిదాకా ఒకే మందం. మంచి రకమైతే నీళ్ళు పడినా సిరా చెదరదు, ఎండకి తొందరగా వెలవదు. నమ్మకమైనవే. కానీ బుగ్గ మెత్తదనానికీ, దవడ ఎముకకీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. సిరాలో ముంచి గీసే స్టీలు పాళీ అలా కాదు. నొక్కితే లావు, తేలిస్తే సన్నం. చేతి వణుకుని కూడా దాచదు. ఆ పాళీకి వాడే ఇండియన్ ఇంకుని తీసుకెళ్ళి ఫౌంటెన్ పెన్నులో పోశారో, లోపల ఎండి గడ్డకట్టి పెన్ను కాస్తా పాడవుతుంది. దాని సిరా దానికుంది. అది హాయిగా సాగుతుంది గానీ, చాలా రకాలు ఒక్క నీటిచుక్క పడితే అలుక్కుపోతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్నడిగితే మాత్రం, పాలవాడి లెక్క రాసుకునే బాల్ పెన్ను తీసుకోమంటాను. నవ్వకండి! చెయ్యి తేలిగ్గా ఆనిస్తే దాని గీత ఉందా లేదా అన్నట్టు పడుతుంది. కళ్ళు ఎక్కడ, గడ్డం ఎక్కడ అని ముందు గుసగుసగా చెప్పి, నమ్మకం కుదిరాక గట్టిగా చెప్పొచ్చు. ఎండ తగిలితే వెలిసిపోవడం దాని లోపం. గోడకి తగిలించకుండా పుస్తకంలో దాచుకుంటే సరి. కాగితం మాత్రం నున్నగా, దళసరిగా ఉండాలి.

గీసే తీరులో కూడా ఒక వరసుంది. తల ఎత్తులో కళ్ళు దాదాపు సగానికి వస్తాయి. ఈ సంగతి తెలియక చాలామంది నుదుటిని కోసేస్తారు. కాబట్టి ముందు కొలుచుకుని చుక్కలు. తరవాత పల్చని గీతలు. ఒకటి తప్పు పడితే దాన్ని బరికెయ్యకుండా, పక్కనే సరైనది గీస్తే చాలు. చూసేవాళ్ళ కన్ను మంచిదాన్నే ఏరుకుంటుంది. కంటిపాప, ముక్కుపుటం, జడ కింది నీడ లాంటి చోట్ల ముదురు నలుపు అన్నిటికన్నా చివర.

ఇదంతా బొమ్మలు గీసేవాళ్ళ గొడవ, మాకెందుకంటారా? మనమూ రోజూ గీస్తూనే ఉన్నాం, నోటితో. పెళ్ళిచూపుల్లో పావుగంట కూర్చుని, కాఫీ తాగి, "పిల్ల కాస్త గడుసండీ" అంటుంది ఒకావిడ. తను గీసింది పెన్సిలు గీతే అనుకుంటుంది. ఆ మాట వీధి మలుపు తిరిగేసరికి సిరా అయిపోతుంది. ఆ పిల్ల కాపురం చేసి, బిడ్డల్ని పెంచి, మనవల్ని ఎత్తుకున్నా ఆ 'గడుసు' అలాగే ఉంటుంది. ఫోనులో పంపిన మాటనైతే తీసెయ్యడానికి ఓ మీట ఉంది. చదివేసిన మనసులోంచి తీసే మీట ఏదీ?

అలాగని పెన్నుకి మూత పెట్టుకు కూర్చోవడం మంచితనమా? ఎవరి గురించీ ఏమీ అననివాళ్ళు ఎవరినీ సరిగ్గా చూడనివాళ్ళు కూడా కావచ్చు. బొమ్మ గీయాలంటే ఎదుటి మనిషిని కనీసం అరగంట చూడాలి. ఇంట్లో అందరికీ వడ్డించే ఇల్లాలి ముఖాన్ని ఎవరైనా అరగంట కుదురుగా చూసి ఎన్నేళ్ళయిందో! 1888లో ఆర్ల్ అనే ఫ్రెంచి ఊళ్ళో వాన్ గో, జోసెఫ్ రూలాఁ అనే తపాలా ఉద్యోగిని రెల్లు కలంతో గీశాడు. ఆ గుబురు గడ్డం మనిషి ఇవాళ లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉన్నాడు. వాన్ గో అంత శ్రద్ధగా చూడకపోతే, ఓ తపాలా ఉద్యోగి ముఖం ఇన్నేళ్ళ తరవాత ఎవరికి తెలిసేది? అన్నట్టు, ఆ బొమ్మలో నల్ల చాక్ కూడా ఉంది. అంతటివాడే చాక్ ముట్టుకున్నాక, పెన్సిలుతో మొదలుపెట్టేవాళ్ళు చిన్నబోనక్కర్లేదు.

కాబట్టి నా సందేహానికి నేను చెప్పుకున్న జవాబు ఇది. ఎంత చూశామో, అంతమేరకే గీసే హక్కు. పావుగంట చూసినవాళ్ళకి నాలుగు చుక్కలు పెట్టే హక్కుంది. కంటిపాపకి దాచుకోవాల్సిన నలుపుని ముందే పులిమేస్తే, ఇక ఆ ముఖంలో గీయడానికి ఏం మిగులుతుంది?

పడిపోయిన గీత మాటేమిటంటే, దాని పక్కన చోటు ఇంకా ఉంది. "ఆ గడుసుతనమేనమ్మా ఈ ఇల్లు నిలబెట్టింది" అని ఆ అత్తగారే ఒకనాడు నలుగురి ముందూ అనొచ్చు. పాత గీత చెరగదు. కానీ చూసేవాళ్ళ కన్ను ఇకమీదట ఏరుకునేది కొత్తదాన్నే.