నాలుగు వందల ముప్పై రెండు

ప్రతిభ ఏనాటికైనా బయటపడి తీరుతుందంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బజ్ ఆర్లెట్ అడ్డొస్తాడు.

1918లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ ఓక్స్ బేస్‌బాల్ జట్టులో పిచర్‌గా మొదలయ్యాడు. 1920లో 29 ఆటలు గెలిపించాడు. తర్వాత చెయ్యి పాడైంది. బంతి విసరలేని మనిషి బ్యాటు పట్టుకున్నాడు, కుడివైపు నుంచీ ఎడమవైపు నుంచీ కొట్టాడు. 1937లో ఆట మానేసేసరికి మైనర్ లీగుల్లో 432 హోమ్ రన్‌లు. 2015 దాకా అమెరికా మైనర్ లీగుల్లో ఎవరూ దాన్ని దాటలేదు.

పైనున్న మేజర్ లీగ్ జట్ల కంట పడలేదా? పడ్డాడు. 1930లో బ్రూక్లిన్ జట్టు అతన్ని కొనడానికి దాదాపు సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే ఒక అంపైర్‌తో మాటామాటా పెరిగింది. అంపైర్ తన మాస్కుతో ముఖం మీద కొట్టాడు. గాయం మానేదాకా ఆర్లెట్ ఆడలేకపోయాడు. బ్రూక్లిన్ ఆగలేదు, ఐక్ బూన్‌ని తీసుకుంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడే కడుపు రగిలిపోతుంది. ఒక మనిషి క్షణం సేపు కోపం ఆపుకుని ఉంటే!

విధి అనేసి ఊరుకుందామంటే అదీ కుదరదు. మరుసటి ఏడే తలుపు తెరుచుకుంది. 1931లో, 32 ఏళ్ల వయసులో, ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున 121 ఆటలాడాడు. సగటు .313, హోమ్ రన్‌లు 18. పదిసార్లలో మూడుసార్లు కొడితేనే మొనగాడనే ఆట అది. అయినా ఆ సీజన్‌తో జట్టు వదిలేసుకుంది. మళ్లీ కిందికొచ్చి, 1932లో బాల్టిమోర్‌కు 54 హోమ్ రన్‌లు కొట్టాడు. అందులో రెండుసార్లు ఒకే ఆటలో నాలుగేసి.

అన్యాయం అందామంటే నోరు రాదు. ఫీల్డింగ్‌లో మందకొడి అన్న పేరు ఊరికే రాలేదు. ఫీల్డింగ్ చేయకుండా కొట్టడానికి మాత్రమే ఒకర్ని పెట్టుకునే పద్ధతి అప్పట్లో లేదు. పైగా ఫిలడెల్ఫియా మైదానంలో కుడివైపు గోడ మరీ దగ్గర, బంతిని దాటించడం తేలిక. అతని తరఫున వాదించబోయిన ప్రతిసారీ ఇలా ఏదో ఒకటి నా నోరు మూయిస్తుంది.

అసలు కింద అంటే ఎక్కడ? 1958 దాకా పసిఫిక్ తీరంలో మేజర్ లీగ్ జట్టే లేదు. ఓక్లండ్ ఆడిన పసిఫిక్ కోస్ట్ లీగ్ సీజన్లు పొడుగు, ఒక్కోసారి 200 ఆటల దాకా సాగేవి. ఓక్లండ్ జనానికి బేస్‌బాల్ అంటే ఆర్లెట్ కొట్టిన ఆ బంతులే. వాళ్ల కళ్లెదుట పదమూడు సీజన్లు ఆడినవాణ్ణి వెలుగులోకి రాలేదనడం ఏం న్యాయం?

ఇంతా అనుకుని కూడా, అతని లెక్కలు తెరిస్తే నా చూపు ముందుగా 1931 మీదికే పోతుంది. ఫిలడెల్ఫియాలో ఆ 121 ఆటలు లేకపోతే 432 మీద నాకు ఇంత నమ్మకం ఉండేదా? ఉండేదని గట్టిగా అనలేకపోతున్నాను.