ఓర్చుకోమనే హక్కు

మల్కాజ్‌గిరి స్టేషన్‌కు దగ్గర్లో మా ఇల్లు. రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయ్యాక మా పిన్ని నెల్లాళ్లు మా ఇంట్లోనే ఉంది. పడుకున్న చోటి నుంచి గోడ గడియారం కనిపించదు. అందుకని రైలు కూతలు లెక్కపెట్టుకునేది. మందుచీటీలో ట్రమడాల్ మాత్ర ఆరు గంటలకొకటి అని ఉంది. దాన్ని నేను పది గంటలకొకటిగా మార్చాను. ఇలాంటి నల్లమందు జాతి మందులు (ఓపియాయిడ్లు) కాన్సర్‌ను మళ్లీ రప్పిస్తాయని ఎక్కడో చదివాను మరి. ‘కొంచెం ఓర్చుకో పిన్నీ’ అన్నాను. ‘ఓర్చుకుంటాలే నాన్నా’ అంది, పళ్ల బిగువున.

నా భయం ఉత్త పుకారు కాదు. కోత సమయంలో కణితి నుంచి కొన్ని కణాలు రక్తంలోకి జారుకోవచ్చు. వాటిని వేటాడే రక్షక కణాలను ఆ జాతికే చెందిన మార్ఫిన్ మందగింపజేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. 2006లో పాత కేసుషీట్లు తిరగేసిన వైద్యులకు, వెన్నుపక్క నరాలకు మత్తిచ్చి, ఓపియాయిడ్లు తగ్గించి ఆపరేషన్ చేసిన స్త్రీలలో రొమ్ము కాన్సర్ తక్కువగా తిరగబెట్టినట్టు కనిపించింది. ఆ సంగతి నిగ్గు తేల్చడానికి 8 దేశాల్లో 2,100 మందికి పైగా స్త్రీలతో పరీక్ష జరిపారు. 2019లో ఫలితం వచ్చింది: నరాలకు మత్తిచ్చినా, మామూలు మత్తుతో ఓపియాయిడ్లు వాడినా, జబ్బు తిరగబెట్టింది సుమారు 10 శాతం మందికే. తేడా లేదు. ఎలుకల మీద ప్రయోగాల్లోనైతే ఆపరేషన్ నొప్పికి మార్ఫిన్ ఇచ్చినప్పుడు కాన్సర్ వ్యాప్తి తగ్గింది కూడా. అంటే తీరని నొప్పే ఒంటికి చేటు చేస్తోందేమో!

అలాగని ప్రశ్న ముగిసిపోలేదు. కోతకు కొన్ని నిమిషాల ముందు కణితి చుట్టూ లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఎక్కిస్తే, 5 ఏళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 82.6 శాతం నుంచి 86.6 శాతానికి పెరిగారని ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2023లో ప్రకటించారు. ఆ కాసేపట్లో ఏం చేస్తామన్నదానికి విలువ ఉందన్నమాట.

మరి తేలని ప్రశ్నకు మూల్యం ఎవరు చెల్లించాలి? సందేహం నాది. నొప్పి ఆమెది. నా సందేహాన్ని ఆమె ఒంటి మీద తీర్చుకునే హక్కు నాకెక్కడిది?

మా హైదరాబాద్‌కు ఇలాంటి వాదం కొత్త కాదు. 1888, 1889ల్లో నిజాం అండతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నాయకత్వంలో, మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించడానికి ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని తేల్చేశాయి. ఆ ధీమా తప్పని 1911 నాటికి రుజువైంది. భయమే కాదు, ధైర్యం కూడా తప్పు చేస్తుంది. అయితే క్లోరోఫాం దోషం బయటపడ్డాక, మత్తు లేకుండా కొయ్యడానికి వైద్యులు తిరిగి వెళ్లలేదు. ఇంకా మేలైన మత్తు వెతికారు. సందేహానికి తగిన పని అదే. నొప్పి తీర్చే తీరును అది సరిదిద్దాలి గాని, తీర్చడాన్నే ఆపకూడదు.

ఓర్పును మనం గొప్ప గుణమంటాం, ముఖ్యంగా ఆడవాళ్లలో. ఒకరు తమంతట తాము పట్టిన ఓర్పుకు నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఇంకొకరు పట్టించిన ఓర్పు మాత్రం ఓర్పు కాదు, శిక్ష.

ఆ రోజుల్లో మేమంతా పక్క గదిలో కూర్చుని పిన్ని గురించి చాలా మాట్లాడుకున్నాం. ‘ఓర్చుకోగలవా?’ అని ఆమెను రోజూ అడిగాం. ‘నీకెలా కావాలి పిన్నీ?’ అని ఒక్కరమూ అడగలేదు. తెలిసినదీ తెలియనిదీ ఆమె ముందు పెట్టి అడిగి ఉంటే ఏం చెప్పేదో! రైలు కూసినప్పుడల్లా ఆ ప్రశ్నే నాకు గుర్తొస్తుంది.