వెతకడం, అడగడం

పాఠ్య పథకం రాయని ఉపాధ్యాయుడు ఉండడు. "ఈ పాఠం పూర్తయ్యేసరికి విద్యార్థి కఠిన పదాలకు అర్థాలు చెప్పగలుగుతాడు, ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబులు రాయగలుగుతాడు" అని లక్ష్యాలూ స్పష్టీకరణలూ రాస్తాం. బెంజమిన్ బ్లూమ్ విద్యా లక్ష్యాల వర్గీకరణ 1956లో వచ్చింది. లక్ష్యం కంటికి కనబడే పనిగా ఉండాలని రాబర్ట్ మేగర్ 1962లో రాశాడు. బి.ఇడి. కాలేజీల మీదుగా ఆ మాటలు మన బడుల్లోకి చేరాయి. ఇప్పుడు వాటినే అభ్యసన ఫలితాలు అంటున్నాం. పేరు మారింది గాని, వాక్యం చివర 'గలుగుతాడు' మాత్రం అలాగే ఉంది.

ఈ పద్ధతిలో మంచి లేకపోలేదు. ఏం చెబుతున్నామో తెలియకుండా పీరియడు గడిపేయనివ్వదు. మన పిల్లల విషయంలో ఇంకో మేలు కూడా ఉంది. "వీళ్లకు ఇంతకంటే రాదులే" అనేవాళ్లకు అది అడ్డు నిలుస్తుంది. అందరు పిల్లలూ చేరవలసిన చోటు ఒకటేనని కాగితం మీద రాసి ఉంటుంది కదా.

అయితే ఆ లక్ష్యాల్లో సగం ఇప్పుడు ఫోనే పూర్తి చేస్తోంది. పటమటలో తెలుగు చెప్పే నాకు ఇది రోజూ కనబడేదే. పక్కనే ఆటోనగర్. అక్కడి షెడ్డుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లలో పుస్తకం లేకపోయినా ఫోను ఉంటుంది. పిల్లవాడు గూగుల్‌లో పదం కొడతాడు, అర్థం వస్తుంది. ఆంధ్రభారతిలోనైతే ఎన్నో పాత నిఘంటువులు ఒకేసారి వెతుక్కోవచ్చు. నిఘంటువు కొనలేని ఇంటికి ఇది చిన్న మేలు కాదు. అర్థం చెప్పగలగడమే లక్ష్యమైతే అది నెరవేరినట్టే. మరి భాష చెప్పే పంతులు ఎందుకు?

వెతకడానికీ అడగడానికీ తేడా నేర్పడానికి అని నా జవాబు.

ఫోను చూపేది ఎవరో ఎక్కడో రాసిపెట్టినదాన్నే. కృష్ణా డెల్టాలో మనవాళ్ల దగ్గర ఉన్నదానిలో ఎక్కువ భాగం రాతలోకి ఎక్కలేదు. కొర్రమీను ఏ నీళ్లలో దాగుతుందో, ఇంగిలాయి ఎప్పుడు దొరుకుతుందో, చేలో కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో యానాది తాత చెబుతాడు. బుట్టకు వెదురు బద్ద ఎంత సన్నంగా చీల్చాలో ఎరుకల అవ్వ చేతికి తెలుసు. ఆమె ఇంట్లో మాట్లాడే భాష ఎక్కువగా నోటిమీదనే బతికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషలు ఎంచుకున్నారు: సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. ఎరుకల భాష ఆ జాబితాలో లేదు. అవ్వ అన్న మాట తెరమీద దొరక్కపోతే పిల్లవాడు ఏమనుకుంటాడు? అవ్వకు మాట రాదనుకుంటాడు. అలా అనుకున్న రోజునుంచి ఆమెను అడగడం మానేస్తాడు.

దొరికినప్పుడు ఇంకో చిక్కు. స్టూవర్టుపురం అని కొట్టి చూడండి. దొంగల కథలూ సినిమాలూ వరసకడతాయి. ఆ ఊరు 1913లో ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే ఓపిగ్గా కిందికి వెళ్లాలి. 1871నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచడానికి సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో పెట్టిన సెటిల్‌మెంటు అది. పుట్టుకనే నేరంగా చూసిన ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా, ఆనాటి అధికారుల రాతలూ వాటిమీద అల్లిన కథలూ పోలేదు. తన కులం పేరు కొట్టిన ఎరుకల పిల్లకు ముందుగా ఎదురయ్యేది ఆ చూపే. "ఇది ఎవరు రాశారు? ఎప్పుడు? ఎవరి కోసం?" అని ఆ పిల్ల అడగలేకపోతే, ఎన్ని పదాలకు అర్థాలు చెప్పినా మనం భాష నేర్పినట్టు కాదు.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర నేర్చుకున్నప్పుడు ఆయన ముందు నిఘంటువు లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, అడిగి నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. అంటే మనం ఈరోజు వెతికి పట్టుకునే ప్రతి మాట వెనుకా ఒకప్పుడు అడిగినవాడూ చెప్పినవాడూ ఉన్నారు. అడిగినవాడి పేరు పుస్తకం మీద ఉంటుంది. చెప్పినవాడి పేరు చాలాసార్లు ఉండదు.

అడగడమంటే పెద్దలు చెప్పిందల్లా నమ్మడం కాదు. తాత చెప్పిన మందుకూ తెర చెప్పిన మందుకూ ఒకే ప్రశ్న: నీకెలా తెలుసు? కాకపోతే తాతను అడిగితే ఆయన బదులు పలుకుతాడు, కోప్పడతాడు, మళ్లీ ఆలోచించి చెబుతాడు. ఎరుక చెప్పే అమ్మ కూడా ముందు మన ముఖం చూస్తుంది, చెయ్యి పడుతుంది, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. ఆమె చెప్పే సోదె నిజమా కాదా అన్నది వేరే సంగతి. ఎదుటి మనిషిని చూసి మాట్లాడటం మాత్రం యంత్రం ఎరగని పద్ధతి.

అడిగినవాడికి ఒక బాధ్యత కూడా అంటుకుంటుంది. అవ్వ చెప్పిన వేరు పేరు వెంటనే ఊరందరికీ పంచవచ్చా? ఆమె ఒప్పుకుందా? వెతికి తెచ్చుకున్న మాటకు మనం ఎవరికీ బాకీ లేమనిపిస్తుంది. అడిగి తెచ్చుకున్న మాటకు బాకీ ఉంటుంది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నాదొక సూచన. పాఠ్య పథకం మానేయనక్కరలేదు, ఫోను లాక్కోనక్కరలేదు. ఉన్న లక్ష్యాల కింద ఇంకో రెండు రాయండి. "విద్యార్థి తాను చదివిన మాట ఎవరిదో, ఎప్పటిదో, ఎందుకు రాశారో అడగగలుగుతాడు." "తెరమీద లేని ఒక మాటను ఇంటినుంచి తెచ్చి, చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరుతో సహా రాయగలుగుతాడు." ఈ రెండూ కంటికి కనబడే పనులే, తనిఖీకి వచ్చినవారికి నోటుబుక్కు తెరిచి చూపించవచ్చు.

యువతీయువకులకు చెప్పేది ఇంకా చిన్నది. ఈ వారంలో ఫోనులో దొరకని మాట ఒకటి ఇంట్లో అడగండి. చెప్పగలిగినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు.